వంటగట్టు ఎత్తు

పిట్టకి,

నాన్న ఆశీస్సులు. ఇక్కడ అమ్మా నేనూ ఉన్నాం. నువ్వు అక్కడ ఒంట్లో బాగుండి, వేళకి ఇంత తింటున్నావనే అనుకుంటున్నాను.

నీ ఉత్తరం మొన్న అందింది. పడవలో తడిసినట్టుంది, కవరు అంచులు ఉబ్బిపోయాయి, సిరా అక్కడక్కడా అలుక్కుపోయింది. అమ్మ దాన్ని కిటికీలో ఆరబెట్టించి, నాచేత చదివించుకుంది. గాలివేగం కొలిచే గిన్నెలు విరిగిపోతే నువ్వే స్తంభం ఎక్కి బాగుచేశావని రాసిన చోట రెండోసారి చదవమంది. "నడుముకి తాడు కట్టుకుందో లేదో రాసిందా?" అని అడిగింది. రాయలేదు నువ్వు. ఈసారి రాయి. లిఫ్టుల గోతుల్లో జీవితమంతా వేలాడినవాణ్ణి, నేనూ అదే అడుగుతున్నాను. పడేవాళ్ళెవరూ పడతామని ముందు అనుకోరమ్మా.

ఆ వాతావరణ కేంద్రంలో మీ వంటాయన రోజూ ఒకటే పులుసు పోస్తున్నాడని రాశావు. అమ్మ నవ్వింది. నవ్వితే దగ్గొచ్చింది. దగ్గు తగ్గాక మళ్ళీ నవ్వింది.

సరే, నువ్వడిగినవాటికి జవాబులు.

వంటిల్లు అయిందా అన్నావు. కాలేదు. మొదలే పెట్టలేదు. పాత గట్టు, పాత అరలు, సింకు కింద నీళ్ళకి ఉబ్బిపోయిన చెక్క అన్నీ ఎక్కడివక్కడే ఉన్నాయి. కానీ నువ్వు కొనిపెట్టిన మూడు సామాన్లూ వాడుతున్నాం. కంగారుపడకు. బిగించకుండా వాడకూడదని వాటితో వచ్చిన పుస్తకంలో రాసి ఉందని నాకూ తెలుసు. అది ఎలా జరిగిందో చెబుతాను.

అరలు కట్టించేదాకా వాటిని అట్టపెట్టెల్లోనే ఉంచాలనుకున్నాం కదా. అలాగే ముందుగదిలో గోడవారన పెట్టాం. ఓవెన్ పెట్టె మీద కూర్చుని అమ్మ చొక్కాలకి గుండీలు కుట్టేది. గిన్నెలు కడిగే మెషిన్ పెట్టె మీద కుట్టుపని బట్టలు మడతపెట్టి ఉండేవి. ఒకరోజు పొద్దున్నే నేను స్నానం చేసి వచ్చేసరికి, అమ్మ నేలమీద కూర్చుని పెట్టెలకున్న టేపు కోస్తోంది. దేంతోననుకున్నావు? గుడ్డ కత్తెరతో. ఆ కత్తెరతో నువ్వు రంగుకాగితం కోశావని చిన్నప్పుడు నీతో రోజంతా మాట్లాడని మనిషి.

"ఏం చేస్తున్నావు?" అన్నాను.

"కనిపించట్లా? మీ షెడ్డులో ఇనపముక్కలు పడుంటాయిగా, దీనికో స్టాండు చేసిపెట్టండి. వాడుకుందాం."

"వడ్రంగి వచ్చి అరలు కట్టాక వాడుకోవచ్చుగా. అప్పటిదాకా అవెక్కడికి పోతాయి?"

"అవెక్కడికీ పోవులెండి," అంది, కోస్తూనే.

నేను ఆ మాటని అక్కడే వదిలేశాను పిట్టా. స్టాండు గురించి ఆలోచించడం మొదలుపెట్టాను. నా బుద్ధి అంత.

పెట్టెలోంచి తీశాక చూస్తే ఓవెన్‌కి మొహమే ఉంది, ఒళ్ళు లేదు. ముందువైపు నల్లటి అద్దం, మెరిసే పిడి. పక్కకి తిరిగితే వట్టి రేకు. గూట్లో బిగించే రకం కాబట్టి ఎవరికీ కనపడదని పక్కల సంగతి పట్టించుకోలేదు చేసినవాళ్ళు. ఆ రేకు కాలుతుంది, గాలాడాలి. అందుకని చుట్టూ జానెడు ఖాళీ ఉండేలా ఇనపచట్రం చేసి, నాలుగు మూలలా బోల్టులు వేసి, చట్రాన్ని ముందుగది గోడకి బిగించాను. దానికి విడిగా దళసరి వైరు లాగించాను. గట్టులో దిగేసే స్టవ్వుకి ఒక మందపాటి పలకలో కన్నం కోసి, పలకని వడ్రంగులు చెక్క కోసుకోవడానికి వాడే రెండు గుర్రపు బల్లల మీద వేశాను. అది మాత్రం అమ్మ ఎత్తుకి సరిగ్గా కుదిరింది. "ఇన్నాళ్ళకి పీట ఎక్కకుండా వండుతున్నాను," అని నాలుగిళ్ళకి వినపడేలా చెప్పింది.

గిన్నెల మెషిన్‌తోనే వచ్చింది తంటా. స్నానాలగది పక్కన, పంపు దగ్గర పెట్టాం. మొదటిరోజు అమ్మ కంచాలన్నీ సర్ది, కింది అర బయటికి లాగిందో లేదో, మెషిన్ మొత్తం ముందుకి వంగింది. కంచాలు జరజరా జారాయి. నేను పరుగెత్తుకెళ్ళి రెండు చేతులతో పట్టుకున్నాను. అమ్మ పక్కకి జరిగి, "కొత్త కోడలు మనకి దణ్ణం పెడుతోందండీ," అంది. పైన గట్టుకి బిగిస్తేగానీ అది నిలబడదట. లిఫ్టు పెట్టెకి అవతలివైపు బరువుగా వేలాడదీసే ఇనప దిమ్మలు ఉంటాయి చూడు, పాతవి అడిగి తెచ్చి, పట్టీతో కట్టి దాని నెత్తిన పెట్టాను. ఇప్పుడు కదలదు. వడ్రంగి వచ్చి చూసి, "ఇది వంటిల్లా సార్, కార్ఖానానా?" అని తల పట్టుకున్నాడు. ఎన్నాళ్ళో కాదులే, తాత్కాలికంగానేగా అన్నాన్నేను.

అమ్మ రొట్టెలు కాలుస్తోందా అని అడిగావు. కాల్చింది. మొదటి రొట్టె లోపల పొంగుతుంటే ఓవెన్ ముందు స్టూలు వేసుకుని, అద్దంలోంచి సినిమా చూసినట్టు చూసింది. "రండి, రండి, లేస్తోంది," అని నన్ను పిలిచింది. ఇద్దరం మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని ఒక రొట్టె లేవడాన్ని చూశాం. ఆ తర్వాత ఇక ఆగలేదు. రొట్టె, కేకు, కాల్చిన బంగాళాదుంపలు, గుమ్మడికాయ, ఆపిల్‌పళ్ళు. రోజూ ఏదో ఒకటి. ఎవరో వెనకనుంచి తరుముతున్నట్టు చేసేది. పైవాటా వాళ్ళకి, కుట్టుపనికి వచ్చేవాళ్ళకి పంచిపెట్టేది. నేను రెండు పూటలా తిని, బెల్టు ఒక కన్నం వదులు చేసుకున్నాను. తను ఏం తింటోందో చూడలేదు.

ఇక వడ్రంగి ఎప్పుడు మొదలుపెడతాడని నీ ప్రశ్న. చెబుతాను. ఇదొక్కటీ కాస్త నిలబడి చదువు, కాదు, కూర్చుని చదువు.

ఒక ఆదివారం పొద్దున అతను కొలతలకి వచ్చాడు. చెవి వెనక పెన్సిలు, చేతిలో పలక. గోడలు కొలిచాడు, పైపులు చూసుకున్నాడు. ఆఖరికి, "గట్టు ఎత్తు ఎంత పెట్టమంటారు? వంట ఎవరు చేస్తారో వాళ్ళు చెయ్యి మడిచి నిలబడితే, మోచేతికి బెత్తెడు కిందకి పెడతాను," అన్నాడు.

"ఆవిడ ఎత్తుకే," అన్నాను. "అందుకేగా ఇదంతా. పాత గట్టు దగ్గర పీట ఎక్కీ ఎక్కీ ఈవిడ మోకాళ్ళు అరిగిపోయాయి."

"కాదు," అంది అమ్మ. "ఆయన ఎత్తుకి పెట్టు."

వడ్రంగి నవ్వాడు. "సార్‌కి వంటొచ్చా అమ్మా?"

"రాదు. నేర్చుకుంటారు."

"ఎగతాళి చాల్లే," అన్నాన్నేను. "నువ్వు రాసుకోవయ్యా, ఆవిడ ఎత్తే."

"ఎగతాళి కాదు. ఇటు రండి. చెయ్యి మడవండి." మెడలో వేలాడే కొలత టేపు తీసింది. చొక్కా కొలతకి పిలిచినట్టే పిలిచింది. నేనూ వడ్రంగి ముందు గొడవెందుకని వెళ్ళి నిలబడ్డాను. టేపు ఒక చివర నా మోచేతి దగ్గర పెట్టి నన్నే పట్టుకోమంది. రెండో చివర పట్టుకుని నేల దాకా వంగింది. అంకె చదివింది. అతను రాసుకున్నాడు.

తర్వాత అమ్మ లేవలేదు.

ఏదో వెతుకుతోందనుకున్నాను. చూస్తే ఒక చెయ్యి నేలమీద ఆన్చి, నా పాదం పక్కన అలాగే ఉండిపోయింది. చంకల కింద చేతులు వేసి లేపాను. పిట్టా, నా చేతులకి బరువులు తెలుసు. తాడు ముట్టుకుంటే అవతల ఎంత వేలాడుతోందో చెప్పగలను. మీ అమ్మని లేపితే నా చేతుల్లోకి ఏమీ రాలేదు. బట్టలు లేచాయి అంతే. ఎదురుగా నిలబడి రోజూ చూస్తున్న మనిషి లోపల్లోపల ఇంత తరిగిపోయిందని నాకు అప్పుడు తెలిసింది.

వడ్రంగిని పంపేశాను. అమ్మని ఓవెన్ ముందున్న స్టూలు మీద కూర్చోబెట్టి, ఎదురుగా నేలమీద కూర్చున్నాను.

"చెప్పు," అన్నాను.

"మళ్ళీ వచ్చిందండీ," అంది.

ఆపరేషన్‌తో పోయిందనుకున్న జబ్బు పోలేదు తల్లీ. ఈసారి కాలేయానికీ ఎముకలకీ పాకింది. కుట్టిన బట్టలు ఇచ్చివస్తానని చెప్పి అమ్మ ఒక్కతే వెళ్ళి పరీక్షలు చేయించుకుంది. ఫలితం తెలుసుకుని ఇంటికొచ్చి, ఆ మర్నాడే పెట్టెలు విప్పింది.

"నాకెందుకు చెప్పలేదు?" అని అరిచాను. జబ్బు మనిషి మీద అరిచాను.

"చెబితే ఏం చేసేవారు? పని మానేసి నా ఎదురుగా కూర్చునేవారు. ఇదిగో, ఇప్పుడు పెట్టారే, ఈ మొహం పెట్టుకుని. ఈ మొహం చూస్తూ నేనేం వండుకోను?"

మర్నాడు తనని తీసుకుని డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళాను. ఆవిడ మంచి మనిషి, ఏదీ దాచలేదు. మందులు ఎక్కిస్తే కొన్నాళ్ళు పెరగొచ్చు, ఆ కొన్నాళ్ళూ ఆస్పత్రి మంచం మీదే అంది. ఎక్కించకపోతే ఎండలు ముదిరేదాకా ఉండటం కష్టం అంది. అమ్మ ఆవిడకి థాంక్స్ చెప్పి, సంచీలోంచి రొట్టె తీసి బల్లమీద పెట్టి, "మందులొద్దమ్మా," అని లేచింది. బతిమాలాను. దెబ్బలాడాను. బస్సులో అందరూ చూస్తుండగా ఏడ్చాను. మీ అమ్మ కిటికీలోంచి బయటికి చూస్తూ, "మీకు జలుబు చేసినట్టుంది, ముక్కు తుడుచుకోండి," అంది.

ఇంటికొచ్చాక నాచేత మాట తీసుకుంది. నీకు చెప్పకూడదని. "ఆ ఉద్యోగం కోసం అది ఎంత చదివింది. నడుమన వదిలేసి వస్తే మళ్ళీ తీసుకుంటారా? నేనెలాగూ ఉండను, దాని పనైనా ఉండనీయండి," అంది. ఇచ్చాను మాట. ఇప్పుడు తప్పుతున్నాను. "ఫోన్లో అమ్మ రెండు ముక్కలు మాట్లాడి నీకిచ్చేస్తుందేంటి నాన్నా?" అని ఉత్తరం చివర్లో అడిగావు కదా. మూడో ముక్కకి ఊపిరి అందడం లేదమ్మా. అందుకు.

నేనే ఫోన్లో చెబుదామని చూశాను. మీ దగ్గర ఆ గాలిహోరులో "ఏంటి నాన్నా, గట్టిగా చెప్పు, గట్టిగా," అన్నావు. పక్కగదిలో అమ్మ పడుకుని ఉంది. ఆ మాట గట్టిగా ఎలా చెప్పను? వర్షాలు ఎలా ఉన్నాయని అడిగి పెట్టేశాను.

వడ్రంగి ఆ తర్వాత చాలాసార్లు ఫోన్ చేశాడు. తియ్యలేదు. ఒకసారి ఇంటికే వస్తే, పగలగొడితే దుమ్ము లేస్తుంది, ఆవిడకి పడదు అని చెప్పి పంపాను. అది నిజమే, కానీ అసలు సంగతి అది కాదు. ఆ ఎత్తున గట్టు కట్టించడం నావల్ల కాదు. నా మోచేతి కింద బెత్తెడు వదిలి ఒక రాయి పరిపించుకుని, దాని ముందు నేను ఒక్కణ్ణీ నిలబడాలా? ఎవరికోసం? అమ్మకి మాత్రం కోపం. "కళ్ళముందే అయిపోతే నాకో నిశ్చింత ఉండేది. ఈ గుర్రపు బల్లల మీదే బతుకుతారా ఎల్లకాలం?" అంది. బతుకుతానన్నాను. ఆ పూట నాతో మాట్లాడలేదు.

అయినా పట్టు వదల్లేదు. తను స్టూలు మీద కూర్చుని, నన్ను స్టవ్వు పలక ముందు నిలబెట్టి వంట నేర్పడం మొదలుపెట్టింది. "మంట తగ్గించండి. అది లిఫ్టు బటను కాదు, ఒక్కసారే నొక్కి ఊరుకోకూడదు." "ఉల్లిపాయ వేగుతుంటే గోడవంక చూస్తారేంటి?" పిట్టా, నాకు మోటార్లు విప్పి బిగించడం వచ్చు. ఒక గుడ్డు పగలగొట్టడం రాదా? వస్తుంది. కానీ చెయ్యి కదలదు. నేను నేర్చుకోనంతకాలం తను వెళ్ళదేమో అన్నట్టు, చూసిచూసి మాడబెట్టాను. ఇంత వయసొచ్చి ఇలాంటి ఆలోచనేంటని నాకే సిగ్గేస్తుంది. మర్నాడు మళ్ళీ మాడేది. ఒకరోజు అమ్మ నా చేతిలో గరిటె తీసుకుని పక్కన పెట్టి, "మీరు కావాలనే చేస్తున్నారు," అంది. తిట్టలేదు. మెల్లిగా అంది.

పోయినవారం నుంచి స్టూలు మీద కూడా కూర్చోలేకపోతోంది. ఓవెన్ వెలిగించి చాలా రోజులైంది. నొప్పికి మందు పెంచారు, ఎక్కువసేపు నిద్రపోతోంది. ఒకరోజు మధ్యాహ్నం లేచి, ఏమైనా వేడిగా తాగుతానంది. క్యారెట్టూ బంగాళాదుంపా తరిగి, తను చెప్పినవన్నీ గుర్తుచేసుకుంటూ, మాడకుండా, చాలా శ్రద్ధగా సూపు చేశాను. మొదటిసారి మనసుపెట్టి చేశాను. తల కింద దిండు ఎత్తి, చెంచాతో తాగించాను. రెండు చెంచాలు తాగి, "బాగుందండీ," అంది.

గిన్నె వెనక్కి తెచ్చి నేను నోట్లో పోసుకుంటే, అందులో ఉప్పే లేదు. అసలు వెయ్యలేదు నేను.

కాస్త ఉప్పు తగ్గితే ఊరుకునే మనిషా మీ అమ్మ? పెళ్ళిభోజనాల్లో కూడా పక్కవాళ్ళ ఆకు దగ్గర ఉప్పు అందుకునేది. నాలుక మీద రుచి పోయిందో, నన్ను ఏమీ అనాలనిపించలేదో నాకు తెలియదు. రెండిట్లో ఏదైనా ఒకటే. ఆ గిన్నె కడుగుదామని పంపు తిప్పి, నీళ్ళు పోతూనే ఉంటే చూస్తూ నిలబడిపోయాను. ఆ మధ్యాహ్నమే అనుకున్నాను, నీకు రాస్తానని. నా ఒక్కడివల్ల కావడం లేదు తల్లీ. నిన్ను ధైర్యం చెప్పమని పిలవడం లేదు. చెప్పడానికి ఏమీ లేదు. పక్కన ఇంకో మనిషి ఉండాలి, అంతే.

మీ పైఅధికారికి విడిగా ఒక ఉత్తరం రాసి ఇందులోనే పెట్టాను. ఆయన ఒప్పుకుంటే సరే. ఒప్పుకోకపోతే నువ్వు నిర్ణయించుకో. ఉద్యోగం పోతే ఎలా అని అమ్మ అడిగింది నిజమే. నీ జీవితానికి ఎంత నష్టం చేస్తున్నానో నాకు తెలియదు. ఈ ఉత్తరం తెచ్చిన పడవ సరుకులు దించుకుని తిరిగి వస్తుందట. అందులో ఎక్కు. మళ్ళీ పడవ కోసం ఆగకు.

వచ్చేముందు కొన్ని తెలుసుకో. అమ్మకి ఎప్పుడూ చలిగానే ఉంటుంది, తలకి గుడ్డ కట్టుకుంటుంది. కళ్ళు పచ్చబడ్డాయి. కుట్టేటప్పుడు వేలికి పెట్టుకునే తొడుగు ఇప్పుడు బొటనవేలికి కూడా వదులే. గొంతు మాత్రం అదే, కానీ దగ్గరికి వంగాలి. ముందుగదిలోకి రాగానే ఇనప చట్రాలూ బల్లలూ చూసి, ఇదేం కర్మ నాన్నా అనకు. లోపలికి వినబడుతుంది.

ఇక్కడిదాకా రాసి లోపలికి వెళ్ళాను. అమ్మ మేలుకునే ఉంది.

"ఎవరికి రాస్తున్నారు ఇంతసేపు?" అంది.

"పిట్టకి."

"ఏమని?"

అబద్ధం చెబుదామనుకున్నాను. నోరు రాలేదు. "రమ్మని," అన్నాను.

తిడుతుందని నిలబడ్డాను. మాట తప్పినందుకు మొహం అటు తిప్పుకుంటుందనుకున్నాను. తిట్టాలని కోరుకున్నాను కూడా. కిటికీ వంక చూసి, "పడవ ఎప్పుడుందో కనుక్కున్నారా?" అంది.

చెప్పాను, ఇక్కణ్ణుంచి ఎప్పుడు బయల్దేరుతుందో, అక్కడికి ఎప్పుడు చేరుతుందో, నువ్వు ఎక్కితే ఇంటికి ఏ రోజుకి రాగలవో.

కళ్ళు మూసుకుని, రోజులు లెక్కపెడుతూ దుప్పటి మీద వేళ్ళు ఒక్కొక్కటే మడిచింది. కొంతదూరం మడిచి ఆపేసింది.

బయల్దేరు తల్లీ.

ఇట్లు,
నీ రాకకోసం చూసే
నాన్న